స్థాయి తెలిసిన తరువాత
(బేరిగైలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన అసలు పేరు మీలో చాలామందికి తెలియదు. ఈ చుట్టుపట్ల ఊళ్ళన్నిటికీ ఆయన నాటకాల అయివారు. అచ్చులో కూడా ఆ పిలుపే ఉండనివ్వండని ఇంటివాళ్ళు కోరారు. పగలంతా పొలంలోనో పట్టుపురుగుల ఇంట్లోనో పని చేసుకొని, రాత్రి భోజనాలయ్యాక వచ్చి కూర్చునేవాళ్ళకు ఆయన పద్యం నేర్పారు. బడిలో తమిళమే చదివిన కుర్రవాళ్ళకు తెలుగు పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసిచ్చి, పలుకు మాత్రం నోటితో దిద్దారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణి కాను, విన్నవాణ్ణి.

పెద్దలు నన్ను పిలిచినప్పుడు ఎవరైనా ఒక మహాకళాకారుడి గురించి మాట్లాడమన్నారు. మహాకళాకారుల గురించి మాట్లాడేవాళ్ళకు ఏ కాలంలోనూ కొదవ ఉండదు. వాళ్ళ కాలంలోనే, వాళ్ళ ఊళ్ళోనే, ఒక్కోసారి వాళ్ళ ఇంట్లోనే ఉండి, అదే కళను పట్టుకొని, అంత ఎత్తుకు చేరలేకపోయినవాళ్ళ గురించి మాట్లాడతానన్నాను. పెద్దలు సరేనన్నారు.

అయివారి తరానికి ఈ సంగతి పుస్తకాల్లో చదువుకున్నది కాదు, అనుభవించినది. వాళ్ళు పద్యం పాడిన ఏళ్ళలో తెలుగు వినిపించే ప్రతి చోటా ఒకే గొంతు రాజ్యమేలింది. 1922లో పుట్టి 1974లో వెళ్ళిపోయిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి గొంతు. అంతకు ముందు రంగస్థలం మీద పద్యమంటే రాగమే. చివరి పాదం అయ్యాక నటుడు ఊపిరి ఉన్నంతసేపూ రాగం తీసేవాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఘంటసాల వచ్చి పద్యంలోని మాటను ముందుకు తెచ్చారు. రాగాన్ని మాట వెనక నిలబెట్టారు. జాషువా పద్యమైనా కరుణశ్రీ పుష్పవిలాపమైనా ఆయన పాడితే అర్థం కాని మాట మిగలదు. ఆ రికార్డులు ఊరూరా పెళ్ళిపందిళ్ళలో, గుడి మైకుల్లో మోగిన తర్వాత, వేదిక ఎక్కిన ప్రతి పల్లెటూరి కృష్ణుణ్ణీ జనం ఆ గొంతుతోనే తూచారు. అలాంటి తూకానికి ఎవరు నిలబడతారు? అయినా వాళ్ళు పాడటం మానలేదు. ఎందుకు మానలేదన్నదే ఈ ఉపన్యాసంలో నా ప్రశ్న.

గొప్పవాడి నీడ వెనక్కి కూడా పడుతుందని చెప్పడానికి ఇక్కడే ఒక మాట. ఘంటసాల విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. శాస్త్రిగారు స్వయంగా వాగ్గేయకారులు, తెలుగులో కృతులు కట్టినవారు. పద్యాన్ని భావం చెడకుండా పాడాలన్న పట్టుదల గురువుదే. శిష్యుడి గొంతు దేశమంతా పరుచుకున్నాక గురువుగారిని గుర్తుచేయాలంటే ఘంటసాల గురువుగారు అని మొదలుపెట్టవలసి వస్తోంది. ఆయన కృతుల మాట వచ్చేసరికి వినేవాళ్ళ ఓపిక అయిపోతుంది. శిష్యుడు ఎక్కడా గురువును మరుగుపరచలేదు. వెలుగు ఎక్కడ ఎక్కువ ఉంటే కళ్ళు అక్కడికే పోతాయి, అంతే.

ఈ విషయం మీద పడమటి దేశాలవాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. అది ఇప్పుడు ప్రపంచమంతటా చెల్లుబాటయ్యే కథ. వియన్నా ఆస్థానంలో సాలియేరి అనే సంగీతకర్త ఉండేవాడు. మోజార్ట్ 1791లో 35 ఏళ్ళకే చనిపోయాడు. సాలియేరి ఈర్ష్యతో విషం పెట్టాడని పుకారు పుట్టింది. ఆ పుకారును పుష్కిన్ 1830లో చిన్న నాటకంగా రాశాడు. పీటర్ షాఫర్ 1979లో అమడేయస్ అనే పెద్ద నాటకంగా మలిచాడు. అది 1984లో సినిమా అయి ఎనిమిది ఆస్కార్లు తెచ్చుకుంది. గొప్ప నాటకమే, కాదనను. దేవుడు వరమంతా ఒకడికిచ్చి, ఆ వరాన్ని గుర్తుపట్టే చెవి మాత్రం తనకిచ్చాడని సాలియేరి ఏడుస్తాడు. ఆ ఏడుపు కళ పట్టుకున్న ప్రతివాడి గుండెలోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే.

నిజం సాలియేరి వేరు. ఆయన బెతోవెన్‌కు పాఠం చెప్పాడు, షూబర్ట్‌కు చెప్పాడు, లిస్ట్‌కు చెప్పాడు. మోజార్ట్ చనిపోయాక పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆ ఇంటి చిన్న కొడుకు కూడా పెరిగాక సాలియేరి దగ్గరే నేర్చుకున్నాడు. తండ్రికి విషం పెట్టినవాడి దగ్గరికి ఎవరైనా పిల్లవాణ్ణి పంపుతారా? రెండో స్థాయి కళాకారుడి మనసులో ఈర్ష్య తప్ప మరొకటి ఉండటానికి వీల్లేదని ప్రపంచం ముందే తీర్మానించుకుంది. ఆ తీర్మానానికి తగ్గట్టు మనిషిని తయారుచేసుకుంది. నాకు ఆ కథ మీద కోపం అందుకే.

మన దక్షిణంలో దీనికి ఎదురు నిలిచే ఒక మనిషి ఉన్నారు. తమిళనాడులో పుట్టి, తమిళనాడులో బతికి, తెలుగులో మహాగ్రంథం రాసినవారు. ఈ సరిహద్దు ఊళ్ళో ఆయన గురించి కాస్త నిదానంగానే చెప్పుకోవాలి.

ముత్తుస్వామి దీక్షితులు 1835లో దీపావళి నాడు ఎట్టయపురంలో కన్నుమూశారు. ఆయన సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. నాలుగేళ్ళకు, 1839లో, సుబ్బరామ దీక్షితులు పుట్టారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు, మన సంగీతంలోకి ఫిడేలును తెచ్చినవారిలో మొదటివారుగా పేరున్నవారు. ఆయన కూతురి బిడ్డే ఈ సుబ్బరామ. మనవణ్ణే బాలుస్వామి దత్తత తీసుకున్నారు. అంటే ఈ పిల్లవాడు పెద్దతాతగారిని కళ్ళారా చూడలేదు. చూడకపోయినా ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, ఆ ఆస్థానంలో చెవిన పడే ప్రతి కృతిలోనూ ఆయనే ఉన్నారు. ఎదుట ఉన్న మనిషితోనైనా పోట్లాడవచ్చు, పోలిక తెచ్చుకోవచ్చు, ఏదో ఒక లోపం వెతకవచ్చు. వెళ్ళిపోయిన మనిషి ఆ అవకాశం కూడా ఇవ్వడు.

సుబ్బరామ దీక్షితులు మామూలువారు కారు. పదిహేడో ఏట దర్బారు రాగంలో తానవర్ణం కట్టి రాజు ఎదుట పాడారు. రాజుకు అనుమానం వచ్చింది, తాతే కట్టి ఇచ్చాడేమోనని. యదుకుల కాంభోజిలో అప్పటికప్పుడు కట్టమని పరీక్ష పెట్టాడు. కుర్రవాడు నెగ్గాడని చెబుతారు. ఈ సంఘటన ఎప్పుడు తలచుకున్నా నాకు ఆ గెలుపు కంటే ఆ అనుమానమే ఎక్కువ గుర్తుంటుంది. గొప్ప ఇంట పుట్టినవాడు బాగా చేస్తే పెద్దల చెయ్యి ఉందంటారు. బాగా చేయకపోతే పెద్దల పేరు చెడగొట్టాడంటారు.

ఆయన అరవై ఏళ్ళ వయసులో ఉండగా చిన్నస్వామి మొదలియార్ అనే పెద్దమనిషి వచ్చారు. ఆయన క్రైస్తవులు, బాగా చదువుకున్నవారు. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించే పనిలో 1890లలోనే ఆస్తి కరగబెట్టుకున్నారు, కంటిచూపు దెబ్బతీసుకున్నారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు నోటినుంచి నోటికి మారుతూ చెడిపోతున్నాయి, మీ ఇంట ఉన్న పాఠాన్ని అచ్చుకివ్వండి అన్నారు. సుబ్బరామ దీక్షితులు వెంటనే ఒప్పుకోలేదు. గురుముఖంగా తప్ప నేర్పని విద్యను సంతలో పెట్టినట్టవుతుందన్న జంకు ఆ కాలపు విద్వాంసులందరిలో ఉండేది. ఎట్టయపురం ప్రభువు కూడా చెప్పాక పూనుకున్నారు. అలా 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని వచ్చింది. తెలుగు లిపిలో, తెలుగు భాషలో, సుమారు 1700 పేజీలు. తమిళదేశపు దక్షిణ కొసన, చుట్టూ తెలుగు చదివేవాళ్ళు కరువైన చోట, గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పోతపోయించి అచ్చువేసిన పుస్తకం అది. స్వరం ఎక్కడ ఊగాలి, ఎక్కడ జారాలి, ఎక్కడ కొసరుతూ నిలవాలి అన్నది కాగితం మీద పెట్టారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 దాకా అందులో ఉన్నాయి. ఈరోజు దీక్షితుల సంగీతమని మనం దేన్నంటున్నామో దానికి ఆ పుస్తకమే ఆధారం. రెండేళ్ళకు, 1906లో, ఆయన వెళ్ళిపోయారు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. ఇక్కడ ఆగి, ఎంత వినయం, తనను తాను చెరుపుకొని పెద్దతాతకు సేవ చేశాడు అని చప్పట్లు కొడతారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. పుస్తకం తెరిచి చూడండి. ఒక రాగం తీసుకుంటే ముందు లక్షణం, తర్వాత లక్షణగీతం, తర్వాత దీక్షితుల కృతులు, ఇతరుల రచనలు. చివర సంచారి, అంటే ఆ రాగం నడకను చూపే స్వరరచన. ఆ సంచారి ఎవరిది? సుబ్బరామ దీక్షితులదే. రాగం తర్వాత రాగం, ఇంత పెద్ద పుస్తకం పొడుగునా, చివరి మాట ఆయనదే. తన కృతులు కూడా చేర్చారు, తన వర్ణాలు చేర్చారు. వాగ్గేయకారుల చరిత్రలు రాస్తూ తన కథ కూడా రాసుకున్నారు. తనను చెరుపుకొన్న మనిషి చేసే పనా ఇది?

ఆయన కృతులు ముత్తుస్వామి దీక్షితుల కృతులంతటివి కావు. ఇది ఎవరో కిట్టనివాళ్ళు అనే మాట కాదు, చెవి ఉన్నవాళ్ళెవరికైనా తెలిసేదే. శంకరాభరణంలో ఆయన శంకరాచార్యం ఇప్పటికీ కచేరీల్లో పాడతారు. చక్కగా ఒదిగిన రచన. విన్నంతసేపూ బాగుంటుంది. ముత్తుస్వామి దీక్షితుల కృతి అలా వదిలిపెట్టదు, విన్న తర్వాత ఆ రాగాన్నే మనకు మార్చేస్తుంది. ఈ తేడా ఆ 229 కృతులను స్వరం స్వరంగా, గమకం గమకంగా కాగితం మీద పెట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా? లోకంలో మరెవరికన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసీ తన సంచారిని వాటి పక్కనే చేర్చి అచ్చువేశారు. కళలో ఆశ అంటే నేను నేర్చుకున్నది ఇక్కడే. పేరు రావాలన్న ఆశ, మొదటివాడు కావాలన్న ఆశ చిన్న వయసులో అందరికీ ఉంటాయి. స్థాయి తెలియగానే అవి చాలామందిలో చచ్చిపోతాయి. స్థాయి స్పష్టంగా తెలిసిన తర్వాత కూడా, ఈ రాగాన్ని నేను ఇలా చూశాను అని చెప్పకుండా ఉండలేని ఆశ కొందరిలో మిగులుతుంది. అది మిగిలినవాడే కళాకారుడు. ఎంత పెద్దవాడన్నది తర్వాతి లెక్క.

సాహిత్యంలో ఇలాంటివాడు ఎర్రన. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. నడుమ మిగిలిన ఖాళీని ఎర్రన పూరించాడు, నన్నయే రాసినట్టుగా, ఆ రాజరాజనరేంద్రుడికే అంకితంగా. మొదట్లో నన్నయ నడకలోనే వెళ్ళి పోనుపోను తిక్కన వైపు ఒరిగే ఆ పద్యాల నేర్పు చూసి పండితులు తరతరాలుగా ముచ్చటపడుతూనే ఉన్నారు. రెండు పర్వతాల మధ్య సందు పూడ్చినవాడిగా మిగిలిపోయినా ఆయనకు లోటు లేదు. అయినా ఊరుకోలేదు. నృసింహపురాణం రాశాడు, హరివంశం రాశాడు, తన పేరున, తన గొంతుతో. భారతంలో తన గొంతు దాచుకోవడం ఎంత నిజమో, తన కావ్యాల్లో దాన్ని బయటికి తీయడమూ అంతే నిజం.

ఈ మాట మన ప్రాంతానికి ఎందుకు కావాలో చెబుతాను. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు హోసూరు మద్రాసు వైపే ఉండిపోయింది. మొదట సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. పైన జిల్లా పేరు మారింది, ఇంట్లో తెలుగు మారలేదు. 2006లో వచ్చిన తమిళ విద్యా చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గిపోయారు. ఇక్కడ పద్యం పాడేవాడి మీద మహాగాయకుడి నీడ ఒక్కటే కాదు, కోస్తా తెలుగు నీడ కూడా పడుతుంది. మన పలుకు పలుకే కాదని, రేడియోలో వచ్చేదే తెలుగని మనవాళ్ళే అనడం నేను విన్నాను. ఈ రెండు నీడల కింద నాటకాల అయివారు కొన్ని పద్యాలకు తన సొంత వరసలు కట్టారు. ఘంటసాల పాడిన పద్యానికి కూడా కట్టారు. అవి ఘంటసాల వరసల కంటే మంచివని నేను అనను, ఆయన కూడా అనలేదు. ఆ వరసలు ఇంకా నలుగురి నోళ్ళలో ఉన్నాయి. ఈ సభ జరిపేవారు వచ్చే ఏడు ఉపన్యాసం పెట్టినా పెట్టకపోయినా, ఆ నలుగురినీ కూర్చోబెట్టి వరసలన్నీ రికార్డు చేయించాలి. బాగున్నవాటినే ఏరవద్దు. మొత్తం చేయించండి. ఏది బాగుందో తేల్చుకునే అర్హత మనకంటే తర్వాత వచ్చే చెవికే ఎక్కువ ఉండవచ్చు.

గట్టు దాటితే మాస్తి. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబంలో పుట్టి కన్నడంలో రాసి 1983 జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఊరు. ఆయన 1928లోనే సుబ్బణ్ణ అనే పెద్ద కథ రాశారు. పండితుడైన తండ్రి, సంగీతమే ప్రాణమైన కొడుకు. పేరుప్రతిష్ఠల లెక్కల్లో ఆ కొడుకు ఏమయ్యాడన్న దానికంటే, సంగీతం అతణ్ణి ఏం చేసిందన్న దాని మీదే ఆ కథ చూపు. మన పొరుగున ఇంత పెద్ద రచయిత ఈ విషయాన్ని ఇంత దయతో చూశాడన్న సంగతి బేరిగై పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు శ్రీశ్రీ దగ్గరికి వస్తాను. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కవిత్వంలో అంతటి నీడ మరెవరిదీ లేదు. ఆ నీడలో ముగ్గురున్నారు. ముగ్గురి కథా ఒకటి కాదు. మనం ఒకే మాటతో ఓడిపోయారు అంటున్నాం, అదే నాకు బాధ.

మొదటివాడు కొంపెల్ల జనార్దనరావు. మద్రాసులో ఉదయిని అనే సాహిత్య పత్రిక నడిపాడు. కవిత్వం రాశాడు, నాటికలు రాశాడు, విమర్శ రాశాడు. పత్రిక నిలవలేదు, డబ్బు నిలవలేదు, ఆరోగ్యం నిలవలేదు. 1937లో, ముప్ఫై ఏళ్ళ ప్రాయంలో, క్షయతో పోయాడు. శ్రీశ్రీ ఆ స్నేహితుడి మీద రాసిన గీతాన్నే అంకితంగా పెట్టి 1950లో మహాప్రస్థానం అచ్చయింది. తెలుగు చదువుకున్నవాళ్ళలో ఆ అంకితగీతాన్ని ఆపకుండా అప్పజెప్పగలవాళ్ళు వేలమంది. కొంపెల్ల రాసింది ఒక్క పాదం చెప్పమనండి, ఎవరూ నోరు విప్పరు. స్నేహితుడి కవితలో అమరుడయ్యాడు, తన కవితలో కాలేదు. దీన్ని ప్రతిభ నీడలో ఓటమి అంటే నేను ఒప్పుకోను. శ్రీశ్రీ అతణ్ణి ఓడించలేదు. ఆ కాలానికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. తన స్థాయి ఏమిటో తెలుసుకోవడానికి కావలసిన సమయమే అతనికి దొరకలేదు. రుజువు చేసుకోవడానికి వీలుకాని మనిషిని ఓడిపోయినవాళ్ళ జాబితాలో రాయడం అన్యాయం. గొప్పవాడయ్యేవాడే అని పొగడటం కూడా అంతే అన్యాయం. ఉదయిని సంచికలు వెతికి పట్టుకొని అతను రాసినవి రాసినట్టుగా చదవడమొక్కటే అతనికి ఇవ్వగల గౌరవం.

రెండోవారు పఠాభి. నెల్లూరివారు, అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, 1919లో పుట్టారు. ఇరవై ఏళ్ళకే, 1939లో, ఫిడేలు రాగాల డజన్ అచ్చువేశారు. ఛందస్సు మీద, వ్యాకరణం మీద తిరుగుబాటు. దానికి ముందుమాట రాసింది శ్రీశ్రీయే. పట్నం వీధులను, ట్రాములను, మద్రాసు రాత్రులను తెలుగు కవిత్వంలోకి అంత ధైర్యంగా తెచ్చినవాళ్ళు అప్పటికి లేరు. అయినా కాలం మహాప్రస్థానం వెంట నడిచింది. పఠాభిగారి పుస్తకం ఒక వింతగా, ఒక చిలిపి పనిగా మిగిలింది. నా దృష్టిలో దానికి అంతకన్నా ఎక్కువ విలువ ఉంది, అయితే మహాప్రస్థానం ఊపిరి దానిలో లేదన్నదీ నిజమే. పఠాభి మళ్ళీ అలాంటి పన్నెండు రాస్తూ కూర్చోలేదు. సినిమా రంగానికి వెళ్ళారు, తెలుగులో పెళ్ళినాటి ప్రమాణాలు తీసినవారిలో ఒకరయ్యారు. తర్వాత మన పక్కనే బెంగళూరులో స్థిరపడ్డారు. అక్కడ యు.ఆర్. అనంతమూర్తి నవల ఆధారంగా కన్నడంలో సంస్కార తీశారు. గిరీష్ కార్నాడ్ ప్రాణేశాచార్యుడు, పఠాభిగారి భార్య స్నేహలతారెడ్డి చంద్రి. మద్రాసు సెన్సారువాళ్ళు మొదట ఆ సినిమాను నిషేధించారు. నిషేధం పోయి విడుదలై 1970 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. కన్నడంలో కొత్త సినిమా అక్కడినుంచే మొదలైందంటారు. తెలుగు కవిత్వంలో పక్కకు జరగవలసి వచ్చిన మనిషి, మరో భాషలో, మరో కళలో, తోవ వేసినవాడయ్యాడు. పారిపోయాడని ఎవరైనా అనవచ్చు. ఆచారం మీద, పైపూత భాష మీద ఇరవై ఏళ్ళప్పుడు వచ్చిన కోపమే యాభై ఏళ్ళప్పుడు ఆ సినిమాలో పనిచేసిందని నాకనిపిస్తుంది. ఆ కోపానికి తగిన పనిముట్టు దొరకడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ ఇంటిమీద తర్వాత పడిన కష్టం కూడా చెప్పుకోవాలి. ఎమర్జెన్సీలో స్నేహలతారెడ్డిని జైల్లో పెట్టారు. ఉబ్బసంతో కుంగిపోయి, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో ఆమె చనిపోయారు.

మూడోవారు శ్రీరంగం నారాయణబాబు. 1906లో పుట్టి 1961లో పోయారు. విజయనగరం మనిషి. శ్రీశ్రీదీ ఆయనదీ ఒకే ఇంటిపేరు, బంధుత్వం ఉంది, స్నేహం ఉంది, కొత్త కవిత్వం మీద ఒకే పిచ్చి ఉంది. అధివాస్తవిక కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముందువరసవారు. వేదాల నుంచి, పురాణాల నుంచి తెచ్చిన బొమ్మలను ఆకలి పక్కన, వీధి పక్కన పెట్టి రగిలించారు. బతికుండగా ఒక్క కవితా సంపుటి కూడా రాలేదు. రుధిరజ్యోతి ఆయన పోయాకే పుస్తకమైంది. మహాప్రస్థానం కూడా రాసిన పదేళ్ళ తర్వాతే పుస్తకమైంది, కాని అప్పటికే అది కుర్రకారు నోళ్ళలో ఉంది. నారాయణబాబు కవిత్వం నోటికి వచ్చే రకం కాదు. లయ పట్టుకొని లాక్కుపోదు, కళ్ళముందు పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చదివించుకోవాలి. అలాంటి కవిత్వానికి పుస్తకం లేకపోతే బతుకు లేదు. నోటికి వచ్చే కవి పుస్తకం లేకుండా బతికాడు, పుస్తకం కావలసిన కవికి పుస్తకం లేదు. ఓటమి అని మనం దేన్నంటున్నామో అందులో సగం ఇదే. మిగతా సగం ఏమిటంటే, ఆ కవిత్వం ఎగుడుదిగుళ్ళుగా ఉంటుంది. ఒక చోట మంట, పక్కనే బూడిద. నాకెంతో ఇష్టమైన కవి కాబట్టి ఆ మాట నేనే అనాలి.

ఆయన కవితల్లో ఒకదాని పేరు ఫిడేలు నాయుడుగారి వేళ్ళు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి మీద రాసినది. నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో ఏళ్ళ తరబడి ఉన్నారు, 1936 నుంచి దానికి అధ్యక్షులు. నారాయణబాబు ఉన్న ఊళ్ళోనే ఆ ఫిడేలు మోగింది. ఒక వైపు తన సొంత కళలో తనకంటే ముందుకు దూసుకుపోతున్న బంధువు. మరో వైపు వేరే కళలో శిఖరం మీద కూర్చున్న మనిషి. సాలియేరి కథ నమ్మేవాళ్ళు ఇలాంటివాడు ఏం రాస్తాడనుకుంటారు? నారాయణబాబు ఆ వేళ్ళనే చూశారు. పొగడ్తగా కాదు, మొర పెట్టుకుంటున్నట్టుగా కాదు. తాను కూడా పనివాడు కాబట్టి మరో పనివాడి చేతులను చూసినట్టుగా చూశారు, తన పద్ధతిలో తన బొమ్మలు కట్టారు. ప్రతిభను ఎదురుగా కూర్చుని చూడగలిగి, అప్పటికీ తన కలం కిందపెట్టని మనిషి రాసిన కవిత అది.

రుధిరజ్యోతి సంపాదించండి. శ్రీశ్రీని పక్కన పెట్టుకొని పోలుస్తూ చదవకండి. ముందు ఆ కవిత తీయండి, పైకి చదవండి. ఈ ఊళ్ళో తెలుగు అక్షరాలు రాని పిల్లలకు తమిళ అక్షరాల్లో రాసిచ్చినా సరే, ఆ మొదటి చదువు మాత్రం పైకి వినపడేటట్టే ఉండాలి.